కువైట్ నుంచి రేపల్లెకి ఎన్ని గంటలు

ముందే చెప్పేస్తున్నాను, నాకు రాయడం రాదు. అయిదో తరగతి సగంలో బడి మానేశాను. ఆ తర్వాత నేను రాసినవి ఫోన్ నంబర్లు, ఇంటి గుర్తులు, అంతే. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో తెలియక రెండుసార్లు రాసి చింపేశాను. ఇది మూడోసారి. పెద్ద చదువులు చదివినవాళ్ళు చూస్తారంటే చేతికి చెమట పడుతోంది. అక్షరాలు వంకరగా ఉంటే నా చదువు ఇంతేనని సర్దుకుని, ఆయన సంగతి మాత్రం చివరిదాకా చదవండి.

ఆయన పేరు రాయను. తెనాలిలో ఎక్కువమంది ఫ్రీజర్ బాబాయ్ అనేవాళ్ళు. మనిషి పోతే పెట్టే గాజు మూత పెట్టె ఉంటుంది కదా, కరెంటుకి తగిలిస్తే లోపల చల్లగా అవుతుంది, అలాంటివి ఆయన దగ్గర నాలుగు ఉండేవి. అంతకుముందు షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చేవాడు. నేను ఆయన పెట్టెలు ఎక్కించుకుని తిరిగే ట్రాలీ ఆటో నడిపాను, పదకొండేళ్ళు. తెనాలి నుంచి ఇటు రేపల్లె, అటు బాపట్ల. మధ్యలో ఉన్న ఊళ్ళలో మేము వెళ్ళని వీధి ఉందేమో గానీ, వెళ్ళని ఊరు లేదు.

పోయిన నెల ఆయన నిద్రలోనే పోయాడు. వడ్లమూడిలో ఉండే కూతురు స్కూటర్ మీద అరగంటలో వచ్చేసింది. రావాల్సినవాళ్ళు ఇంకెవరూ లేరు. మధ్యాహ్నానికల్లా అయిపోయింది. నాలుగు పెట్టెలూ షెడ్డులో ఖాళీగానే ఉన్నాయి, ఒక్కటీ తియ్యలేదు.

ఆయనకి ఫోన్ వస్తే ఎవరు పోయారు అని అడిగేవాడు కాదు. మొదటి మాట, "ఎవరు రావాలమ్మా?" అని. రెండో మాట, "ఎక్కడి నించి?" అని. ఎవరూ రావక్కర్లేదు, అందరం ఇక్కడే ఉన్నాం అంటే, మరి పెట్టె ఎందుకు బాబూ, సాయంత్రం లోపు కానిచ్చెయ్యండి అని తనే చెప్పేసేవాడు. వచ్చిన బేరం పోగొట్టుకుంటున్నాడని పక్కషాపు వాళ్ళు నవ్వేవాళ్ళు. రావాల్సినవాళ్ళు ఉన్నారంటే మాత్రం ఆయన మనిషే మారిపోయేవాడు. కళ్ళజోడు పెట్టుకుని, కూతురు చిన్నప్పటి అట్లాసు పుస్తకం తీసేవాడు. షామియానా కుట్టే దారం ఒకటి అందులోనే ఉండేది. దారాన్ని హైదరాబాద్ మీద బొటనవేలితో నొక్కిపెట్టి, రెండో కొస ఆ ఊరి దాకా లాగి, కొలిచి, దూరం చెప్పేవాడు. దుబాయ్ రెండున్నర వేల కిలోమీటర్లు, మూడున్నర గంటలు. మస్కట్ ఇంకా దగ్గర, మూడు గంటలు. సింగపూరూ కువైట్ మాత్రం రెండూ దాదాపు ఒకే దూరం, మూడు వేల మూడొందలకి అటూ ఇటూ, ఒకటి తూర్పున, ఒకటి పడమర. నాకు ఈ అంకెలన్నీ ఇలాగే నోటికొచ్చాయి. ఆయన జన్మలో విమానం ఎక్కలేదు. విజయవాడ దాటి వెళ్ళింది కూడా నాలుగైదుసార్లే.

పుస్తకంలో దారం ఒక్కటే కాదు, ఇంటిదాకా లెక్క కట్టేవాడు. దిగాక బయటికి రావడానికి గంట. శంషాబాద్ నుంచి తెనాలికి అయిదున్నర గంటలు, రేపల్లె అయితే ఇంకో అరగంట, ముప్పావు గంట. దారిలో రైలు గేటు పడితే అది వేరే. "మస్కట్ నించి మూడు గంటల్లో వచ్చేస్తాడబ్బాయ్, గేటు పడితే ఇక్కడే ముప్పావు గంట కూచుంటాడు" అని నవ్వేవాడు. సూర్యుడు కుంగేలోపు ఇంట్లోంచి పాడె లేవాలి కాబట్టి ఆ లెక్కంతా వెనక్కి నడిచేది. సాయంత్రం ఆరు నుంచి మొదలుపెట్టి, అక్కడ ఎన్నింటికి విమానం ఎక్కితే సరిపోతుందో చెప్పేవాడు.

శవం అనే మాట ఆయన నోట నేను వినలేదు. పెద్దాయన, పెద్దావిడ, చిన్న వయసైతే బిడ్డ. పెట్టెలో పెట్టాక గాజు మీద పట్టే తేమని మెత్తటి గుడ్డతో తుడిచేవాడు, ముఖం ఉన్న చోట మాత్రమే. మిగతా గాజు అలాగే వదిలేసేవాడు. చావు ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. బయలుదేరే ముందు ఇంట్లో పెరుగన్నం తిని, నా చేత కూడా తినిపించేవాడు. ఎప్పుడు తింటామో ఏంటో, ముందు కడుపులో పడనీ అనేవాడు.

ఇంకో అలవాటు ఉండేది. ఆయన చేతి గడియారం ఎప్పుడూ తప్పు టైము చూపించేది. టైమెంత బాబాయ్ అంటే గడియారం చూసి, మనసులో ఏదో కలుపుకుని, అప్పుడు చెప్పేవాడు. కొత్తవాళ్ళు, గడియారం రిపేరు చేయించుకోవచ్చుగా అనేవాళ్ళు. బాగానే నడుస్తోందండి అనేవాడు. అది రెండున్నర గంటలు వెనక ఉండేది. అది ఎందుకలా ఉందో నాకు తెలుసు. దాని గురించే ఇదంతా రాస్తున్నాను.

నేను ఆయన దగ్గర చేరిన రెండో ఏడు జరిగింది. అప్పటిదాకా మాకు తగిలిన విమానాలన్నీ బెంగుళూరు, పూనా, ఢిల్లీ నుంచి వచ్చేవే. రేపల్లె పక్కన ఒక ఊళ్ళో ఒక పెద్దావిడ పొద్దున్నే పోయింది. రైతుల ఇల్లు. కొడుకు అక్కడే ఉంటాడు. కూతురు కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తోంది. కూతురు రావాలి. ఫ్రీజర్ బాబాయ్ ఎవరినో అడిగి విమానం అయిదు గంటలు పడుతుందని తెలుసుకున్నాడు. సాయంత్రం ఆ కూతురు ఫోన్ చేసి రాత్రి పది గంటల విమానానికి టిక్కెట్ దొరికిందని అన్నగారికి చెప్పింది. పదికి ఎక్కితే అయిదు గంటలు, తెల్లవారుజాము మూడుకి దిగుతుంది, నాలుగుకి బయటికొస్తుంది, ఆరు గంటలు కారు. పొద్దున పదింటికల్లా ఇంట్లో ఉంటుంది. వేళ్ళ మీద లెక్కపెట్టి అందరి ముందూ అలా చెప్పాడు. పది అని ఊరంతా అనుకుంది.

మర్నాడు పొద్దున తొమ్మిదికి మేమిద్దరం మళ్ళీ అక్కడికి వెళ్ళాం. పదయింది. పదింపావు అయింది. ఆవిడ ఫోన్ పలకడం లేదు. అది అక్కడి సిమ్ము, ఇక్కడ పని చేయదని మాకు తర్వాత తెలిసింది. ఊరి పద్ధతి ఒకటి ఉంది. ఇంట్లోంచి పాడె లేచేదాకా ఆ వీధిలో ఎవరూ పొయ్యి వెలిగించరు. ముందురోజు పొద్దుటి నుంచీ వెలగలేదు. పిల్లలకి పక్క వీధి నుంచి ఇడ్లీలు తెచ్చి పెడుతున్నారు, పెద్దవాళ్ళు టీలతో ఉన్నారు. పదిన్నరకి గొణుగుడు మొదలైంది. అన్నగారు వచ్చి మా ఆయన్ని, అంటే బాబాయ్‌ని, "మీకు ఇవన్నీ తెలుసు కదా, వస్తుందా రాదా చెప్పండి" అని అడిగాడు. ఆయన తడబడ్డాడు. గడియారం చూశాడు. అప్పుడు అన్నాడు, "ఈపాటికి రావాలండి. విమానం అందుకోలేదేమో." ఆ మాట వసారాలోంచి వీధిలోకి వెళ్ళింది. పదకొండింటికి పాడె లేచింది.

పన్నెండున్నరకి కారు వచ్చి ఆగింది.

మేము అప్పుడు పెట్టెని తీగలు తీసి ట్రాలీ ఎక్కించబోతున్నాం. ఆవిడ కారు దిగి లోపలికి చూసి, మళ్ళీ మా వైపు చూసింది. నలభై ఏళ్ళ మనిషి. చేతిలో ప్లాస్టిక్ సంచి ఒకటి, అందులో ఒక కొత్త చీర. ఏడవలేదు. తిన్నగా పెట్టె దగ్గరికొచ్చి గాజు మీద అరచెయ్యి పెట్టింది. పెట్టి, "ఇంకా చల్లగానే ఉందండి" అంది.

ఆడవాళ్ళెవరో పట్టుకుని లోపలికి తీసుకెళ్ళబోతే విడిపించుకుని కాలవ వైపు పరుగెత్తింది. ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళకూడదని కాలవ మీద వంతెన దగ్గరే ఆపేశారు. అవతల నుంచి పొగ కనిపిస్తోంది. ఆవిడ వంతెన గోడ మీద ఆ చీర పెట్టి, మడత విప్పి, మళ్ళీ మడత పెట్టుకుంది. చాలాసేపు అదే పని చేసింది.

తర్వాత ఇంటికొచ్చి మా ఆయన ముందు నిలబడింది. "అన్నయ్య గారూ, నేను ఎన్నింటికొస్తానని చెప్పారు వీళ్ళకి?" అని అడిగింది. పదింటికమ్మా అన్నాడు. ఆవిడ, "నేను పది గంటల ఫ్లైటు అన్నాను. అది అక్కడి పది. మనకి పన్నెండున్నర అవుద్ది. నేను మన టైమే చెప్పాల్సింది అన్నయ్య గారూ. డ్రైవరు ఫోన్ నించి చేస్తే మా అన్నయ్య ఎత్తలేదు. నాదే బుద్ధి తక్కువ" అంది.

వదినగారు పక్కనుంచి, "ఆ ముక్క రాత్రే చెప్పేస్తే ఇంత దాకా వచ్చేదా" అంది. మిగతా ఆడవాళ్ళు తల ఊపారు. పాపం, కంగారులో చెప్పి ఉండదు అని ఒకావిడ అంది. అంటే తప్పు ఎవరిదో అక్కడ తేలిపోయింది.

మా ఆయన నోరు తెరిచాడు. నేను చూశాను. పెదవులు కదిలాయి. అంతలో ఎవరో అడ్డం వచ్చారు. ఆయన నోరు మూసుకుని, పెట్టె తాడు బిగించమని నాకు చెప్పాడు.

భట్టిప్రోలు దగ్గర టీ తాగడానికి ఆపాను. గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. ఆ పిల్లది పది అని చెప్పడంలో తప్పేముందబ్బాయ్, టిక్కెట్టు మీద ఏముంటే అదేగా చెప్తారు, అక్కడి టైమూ మన టైమూ ఒకటేనా అని అడగాల్సింది నేను కదా అన్నాడు. నాకు అప్పటికి టైము తేడాలు ఏంటో తెలియదు. సూర్యుడు ముందు మనకి వస్తాడు, తర్వాత వాళ్ళకి వెళ్తాడు అని అప్పుడే నాకు చెప్పాడు, తనకి తను చెప్పుకుంటున్నట్టు. వెనక్కి తిప్పమంటావా బాబాయ్, ఆవిడకి చెప్పేసి వద్దాం అన్నాను. వద్దులే, ఇవాళ ఇల్లంతా జనం, పదకొండో రోజుకి వెళ్దాం అన్నాడు. ఆ రోజే చేతి గడియారం రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకున్నాడు.

పదకొండో రోజుకి వెళ్ళాం. ఆవిడకి వారం రోజులే సెలవు ఇచ్చారంట, తొమ్మిదో రోజే వెళ్ళిపోయింది.

అప్పటి నుంచీ ఆయనకి అదొక్కటే పని. ఆవిడకి చెప్పాలి, తప్పు నీది కాదమ్మా అని. ట్రాలీలో నా పక్కన కూర్చుని మాటలు పేర్చుకునేవాడు. అమ్మా అని మొదలెట్టాలా, చెల్లెమ్మా అని మొదలెట్టాలా అని నన్ను అడిగేవాడు. చెల్లెమ్మా అంటేనే బాగుంటుంది బాబాయ్ అనేవాణ్ణి. రెండు మైళ్ళు పోయాక, అంత చనువు తీసుకుంటే ఏమనుకుంటుందో అని మళ్ళీ అమ్మా దగ్గరికి వచ్చేవాడు. నంబర్ కోసం అన్నగారికి ఫోన్ చేశాడు. ఎందుకండి, ఏమన్నా బాకీ ఉందా అని అన్నగారు అడిగితే, అబ్బే అదేం లేదండి అని పెట్టేశాడు. మగవాడు ఊరికే ఆడమనిషి నంబర్ అడిగితే బాగుండదు కదా అని తర్వాత నాతో అన్నాడు. సంవత్సరీకానికి వస్తుందని తెలిసి పొద్దున్నే పెరుగన్నం తిని బయలుదేరాం. ఆవిడ రాలేదు. అరటాకుల్లో భోజనాలు పెడుతుంటే వీధి చివర ట్రాలీలో గంట కూర్చుని తిరిగొచ్చేశాం. మూడో ఏడు కూడా వెళ్ళాం. రాలేదు. ఇక రానందంట అని ఎవరో చెప్పారు.

మీరు అడగొచ్చు, అన్నగారితోనే చెప్పెయ్యొచ్చుగా, ఆయన చెల్లెలికి చెప్పేవాడుగా అని. నేనూ అడిగాను. వాళ్ళ నోటితో వెళ్తే సగం వెళ్తుందబ్బాయ్, నా నోటితో వెళ్ళాలి అన్నాడు. నాకు అనిపించేది వేరు. ఆయనకి ధైర్యం చాల్లేదు. నాకు మాత్రం ఉందా? నేనూ అక్కడే ఉన్నాను ఆ రోజు. తాడు బిగించమంటే బిగించాను.

బాపట్లలో జరిగింది కూడా చెప్పాలి. ఒక పెద్దావిడ పోయింది. తమ్ముడు ఒక్కడే రక్తసంబంధం, సింగపూర్‌లో ఓడల దగ్గర వెల్డింగ్ పని. పొద్దున ఏడింటికి విమానం ఎక్కుతున్నానని ఫోన్ చేశాడు. ఆవిడ భర్త తరఫు వాళ్ళు లెక్క కట్టారు. ఏడుకి నాలుగున్నర కలిపితే పదకొండున్నర, బయటికొచ్చేసరికి పన్నెండున్నర, కారులో ఆరు గంటలు, చీకటి పడిపోతుంది, కాబట్టి ఆగక్కర్లేదు, రెండింటికి ఎత్తేద్దాం అన్నారు. మా ఆయన వసారా మెట్ల మీద నిలబడి అడ్డం పడ్డాడు. అక్కడి ఏడు మనకి నాలుగున్నరండి, తొమ్మిదికే దిగుతాడు, నాలుగింటికల్లా గుమ్మంలో ఉంటాడు అన్నాడు. ఒకాయన, "నువ్వెవరయ్యా మాకు చెప్పడానికి? ఇంకో రెండు గంటలుంటే అద్దె పెరుగుద్దనా?" అన్నాడు. అందరూ విన్నారు. ఆయనకి ముఖం ఎర్రబడింది. అద్దె అసలు వద్దండి, పెట్టె తీసుకోండి, నన్ను తీసుకోండి, నాలుగు దాకా మాత్రం ఆగండి అని చేతులు జోడించాడు. నేను అలా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. వాళ్ళలో ఒక ముసలాయన, సరే నాలుగు దాకా చూద్దాంలే అన్నాడు.

నాలుగూ పదికి ఆ తమ్ముడొచ్చాడు. అక్క ముఖం చూశాడు. పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. అయిదింటికి అన్నీ సక్రమంగా జరిగాయి.

తిరిగొస్తూ పొన్నూరు దాటాం. సంతోషంగా ఉంటాడనుకున్నాను. "ఇతనికి రెండున్నర గంటలు ఇప్పించాను అబ్బాయ్" అన్నాడు. గడియారం చూసుకుని, "ఆవిడవి ఎక్కణ్ణించి తెచ్చివ్వను" అన్నాడు.

ఆ తర్వాత ఎంతమందిని సమయానికి చేర్చాడో నాకు లెక్క తెలియదు. చాలామందిని. ఆయన లెక్క మళ్ళీ తప్పలేదు. అయినా ఒక్కోసారి ఉన్నట్టుండి గడియారం చూసుకునేవాడు. ఆవిడ ఇప్పుడు వంట మొదలెట్టి ఉంటుంది అనేవాడు. ఇప్పుడు గిన్నెలు తోముకుంటూ ఉంటుంది అనేవాడు. ఆవిడ అక్కడ ఏం చేస్తుందో ఆయనకేం తెలుసు. ఊహించుకునేవాడు. అయిదు గంటల దూరం అబ్బాయ్, మనం బాపట్ల వెళ్ళి పెట్టె దింపి, తెచ్చి, కడిగి పెట్టేలోపు ఆవిడ అక్కణ్ణించి ఇక్కడికొచ్చేస్తుంది, అయినా రాదు అనేవాడు.

ఇంత అయ్యాక ఆయన పోయాడు. పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర నేను నీళ్ళు పోస్తూ తిరిగాను. జనం మంచిమాటలు చెప్పుకున్నారు. మా అక్కకి నన్ను అందించాడు, మా నాన్నకి నన్ను అందించాడు అని ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఆ అన్నం సహించలేదు. ఈ సంగతి తెలిసినవాణ్ణి ఇక నేనొక్కణ్ణే. నేను కూడా పోతే, ఆవిడ తన తప్పు వల్లే తల్లిని చూసుకోలేకపోయానని అనుకుంటూనే ఉంటుంది. అందుకని మర్నాడు ట్రాలీ వెయ్యకుండా పాసింజర్ బండెక్కి రేపల్లె వెళ్ళాను. అక్కణ్ణించి షేర్ ఆటోలో ఆ ఊరు.

అన్నగారు వసారాలో కూర్చుని మినుములు ఎండబోసినవి చూసుకుంటున్నాడు. జుట్టు నెరిసిపోయింది. నన్ను గుర్తుపట్టలేదు. పెట్టె తెచ్చినవాళ్ళమండి అంటే అప్పుడు గుర్తుపట్టి కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే మాట రాదేమో అనిపించింది. ఆయన పోయాడని చెప్పాను. అయ్యో అన్నాడు. మంచివాడయ్యా అన్నాడు. అప్పుడు దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలు చెప్పాను. ఆ రోజు తప్పు మీ చెల్లెలుగారిది కాదండి, మా ఆయన టైము లెక్క కట్టడంలో పొరపాటు చేశాడు, ఆవిడ సరిగ్గానే చెప్పింది, ఆవిడ నంబర్ ఇస్తే నేను చెప్పుకుంటాను అన్నాను.

ఆయన మినుముల్లో చెయ్యి ఆడిస్తూ విన్నాడు. తర్వాత అన్నాడు.

"టైము తేడా సంగతి మాకు తెలియకేం కాదయ్యా. ఆ చివరింటాయన అప్పటికి దుబాయ్ చేసొచ్చిన మనిషే. ఆ పొద్దునే చెప్పాడు, పది కాదు, పన్నెండు దాటుద్ది అని."

నాకు అర్థం కాలేదు. మరి ఎందుకు ఎత్తేశారండి అన్నాను.

"వీధంతా పస్తులు. రెండో రోజు. ముసలాళ్ళు, షుగరున్నోళ్ళు. పెద్దోళ్ళు వచ్చి నా మీద పడ్డారు, ఇంకెంతసేపని. కూతురొస్తుందని తెలిసి ఎత్తేస్తే రేపు అది నన్ను నిలదీసుద్ది. ఊరూ అంటుంది. ఎవరో ఒకరు రాదు అనాలి. మీ ఆయన్ని అడిగాం. అందుకోలేదేమో అన్నాడు. మాకు కావాల్సిన మాట ఆయన నోటెమ్మట వచ్చింది."

నేను కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. లోపలి నుంచి వదినగారు తొంగిచూసి, పాత సంగతులు ఇప్పుడెందుకు అంటూ లోపలికి వెళ్ళిపోయింది.

అదే మాట మా ఆయనకి ఒక్కసారి చెప్తే సరిపోయేది కదండీ, ఆయన తొమ్మిదేళ్ళు దాని మీదే ఉన్నాడు అన్నాను. ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. "ఆయన అడగలేదుగా" అన్నాడు. "నంబర్ ఎందుకని అడిగితే అదేం లేదన్నాడు. నాకెట్టా తెలుస్తది."

మీ చెల్లెలుగారికైనా చెప్పారా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. అది మాట్లాడి నాలుగేళ్ళయిందయ్యా, ఇంటికి రావడానికి మొహం చెల్లదన్నది, నంబర్ మార్చేసింది, ఏ ఇంట్లో చేస్తందో కూడా తెలియదు అన్నాడు. చెప్పాలనుకున్నానులే ఒకటి రెండుసార్లు అని కూడా అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన పెదవులు కదిలినట్టే మా ఆయన పెదవులు కదలడం నేను అంతకుముందు ఒకసారి చూశాను, ఇదే ఇంటి ముందు. మంచినీళ్ళు ఇచ్చారు. తాగి వచ్చేశాను.

బండిలో కూర్చుని ఆలోచించాను. మా ఆయన లెక్క తప్పింది, నిజమే. కానీ లెక్క తప్పిందని తెలిసిన మనిషి ఆ ఇంట్లోనే ఉన్నాడు, తల్లికి కొడుకు, ఆవిడకి అన్న. ఆయన ఆగి ఉంటే ఆవిడ తల్లి ముఖం చూసేది. ఆగలేదు. ఆగకపోయినందుకు తప్పు ఒకరికి అంటగట్టాలి కాబట్టి మా ఆయన్ని వాడుకున్నారు. ఆవిడేమో తప్పు తనదే అనుకుంది. ఇద్దరూ చెరొక దేశంలో ఒకే తప్పు మోశారు, అది ఇద్దరిదీ కాదు. ఈ సంగతి మా ఆయనకి చెబుదామంటే ఆయన లేడు. ఆవిడకి చెబుదామంటే ఆవిడ ఎక్కడుందో తెలియదు. కువైట్ మూడు వేల మూడొందల కిలోమీటర్లు, అయిదు గంటలు. ఆ దూరం నాకు బాగా తెలుసు. ఆ ఊళ్ళో ఏ వంటింట్లో ఉందో తెలియదు.

నేను ఇప్పటికీ ట్రాలీ నడుపుతున్నాను. పెట్టెలు ఆయన కూతురు వేరేవాళ్ళకి అమ్మేసింది. వాళ్ళు ఎవరు రావాలి అని అడగరు. అడ్రసు అడుగుతారు, కరెంటు ఉందా అని అడుగుతారు. వాళ్ళ తప్పేం లేదు, అందరి ఫోన్లలోనూ ఇప్పుడు అన్నీ కనిపిస్తాయి.

ఆవిడ పేరు ఇక్కడ రాద్దామని కలం పెట్టాను. రాస్తే ఆ అన్నగారి ఇల్లు ఊళ్ళో తలెత్తుకోలేదు, ఆయనకీ పెళ్ళికెదిగిన పిల్లలున్నారు. రాయకపోతే ఈ కాగితం ఆవిడ చేతిలో పడినా తన గురించేనని ఎలా తెలుస్తుంది. రెండు రోజులు ఆలోచించాను. రాయలేదు. ఆ రోజు మా ఆయన చేసిన పనే నేనూ చేశానని నాకు తెలుసు.

ఇంతకుమించి రాయడం నాకు చేతకాదు. అక్షరాలు తప్పులుంటాయి, ముందు చెప్పాల్సింది వెనక చెప్పి ఉంటాను. చదివిన పెద్దలు, నేను చదువుకోనివాణ్ణని తలచి, రాతలో ఉన్న తప్పులు మన్నించండి.